నాలుగు థౌ, పదకొండు థౌ

ఓర్వకల్లు రాళ్లగుట్టల దగ్గర ఎత్తు ఎక్కలేక నా మోటారు సైకిలు మూడోసారి ఆగిపోయిన రోజున, దాన్ని విప్పక తప్పదని తేలిపోయింది. ఇంజను తిరుగుతూనే ఉంది. నీలంగా, దండిగా పొగ వస్తోంది. బండి మాత్రం ముందుకు పోదు. దిగి తోసుకుంటూ ఎక్కించాను. వేరుశనగ బస్తాల మీద కూర్చుని పోతున్న ఒక ముసలాయన ఎద్దుల్ని నిదానించి నా వైపు చూశాడు.

"ఏమప్పా, నువ్వు దాని మింద పోతాండావా, అది నీ మింద పోతాండాదా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు. ఆ మాట ఆ రోజు డైరీలో ఉంది. పక్కనే పెట్రోలు ఎంత తాగిందో, చమురు ఎంత పోయించానో కూడా ఉంది. చమురు లెక్క చూస్తే నాకే భయం వేసింది.

అవి రెండో యుద్ధం రోజులు. నేను నంద్యాలలో ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరుగా ఉండేవాణ్ణి. మహానంది చుట్టుపక్కల పల్లెలు నా సర్కిలు. శివరాత్రికి వేలమంది వస్తారు, వచ్చినవాళ్లు దారిలో ఉన్న ప్రతి బావిలోనూ చెంబు ముంచుతారు. వాళ్లకంటే ముందే పోయి బావుల్లో మందు కలపడం నా పని. బండి చేతికి రాక ముందు సంవత్సరం ఎద్దుల బండిలో తిరిగాను. ఒక పల్లెలో కలరా కనిపించిందని కబురు వచ్చిన మూడో రోజుకు గాని అక్కడికి చేరలేకపోయాను. మందు డబ్బా కిందికి దించేసరికి ఆ వీధిలో రెండు ఇళ్లకు తాళాలు పడి ఉన్నాయి. ఆ తాళాలు వేసింది పక్కింటివాళ్లు. ఆ తరువాతే నేను మోటారు సైకిలు కోసం వెతకడం మొదలుపెట్టాను.

మా చర్చి దొర స్వదేశానికి వెళ్లిపోతూ తన బండి నాకు ఇచ్చి పోయాడు. మొదటి యుద్ధం నాటిది. ఇప్పటి ఇంజన్లలో సిలిండరు వేరు, పైన మూతలా ఉండే తల వేరు. ఈ బండిలో రెండూ ఒకే పోత. బోర్లించిన చెంబులాగ కింద నోరు, పైన మూసుకుపోయిన అడుగు. పిస్టన్ ఆ చెంబులో పైకీ కిందికీ ఆడుతుంది. చెంబు గోడలు అరిగిపోతే బలం పక్కనుంచి జారిపోతుంది, చమురు పైకి వచ్చి పొగ అవుతుంది. యుద్ధం వల్ల ఇంగ్లండు నుంచి సామాను రావడం ఆగిపోయింది. ఆ సిలిండరు చెడిపోతే ఇంకొకటి దొరకదు. సిలిండరు లేకపోతే బండి లేదు. బండి లేకపోతే ఆ సర్కిలు మళ్లీ ఎద్దుల బండి పాలే. పై అధికారి ఆ మాట నాకు ముందే చెప్పి ఉన్నాడు: బండి నడిస్తే సర్కిలు నీది, లేకపోతే నువ్వు రాజంపేట ఆఫీసులో రిజిస్టర్లు చూసుకో.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మా బామ్మర్ది, నేనూ కలిసి ఇంటి వసారాలో ఇంజను విప్పాం. అతను నంద్యాల రైల్వే షెడ్డులో ఫిట్టరు. షెడ్డు నుంచి ఒక క్యాలిపరు, ఒక మైక్రోమీటరు అడిగి తెచ్చాడు. క్యాలిపరు రెండు కాళ్లనూ సిలిండరు నోట్లోకి దించి గోడలకు ఆనించడం, బయటికి తీసి ఆ కాళ్ల మధ్య దూరాన్ని మైక్రోమీటరుతో చూడడం, ఇదీ పద్ధతి. అంగుళంలో వెయ్యో వంతును షెడ్డులో 'థౌ' అనేవాళ్లు. నేను మూడుసార్లు కొలిచాను. దొర ఇచ్చిన పుస్తకంలో ఉన్న కొత్త కొలతకంటే మూడుసార్లూ నాలుగు థౌలే ఎక్కువ వచ్చింది. 'సిలిండరు అరుగుదల నాలుగు థౌ' అని రాసి, కింద గీత గీశాను.

"నాలుగు అంటే ఏమీ ల్యా బావా," అన్నాడు బామ్మర్ది. "కొత్త రింగులు ఏస్తే ఇంగ పదేండ్లు తిరుగుతాది."

పిస్టన్ చుట్టూ ఉండే ఆ ఇనుప రింగులు పోత పోసి చేయగలిగినవాడు మా వైపు ఒక్కడే. కర్నూలు పాతబస్తీలో ఒక ఉస్తాద్. సిలిండరు, పిస్టన్ గోనెపట్టాలో చుట్టి తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టి, రింగులు చాలు అని చెప్పి వచ్చాను.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. ఆయనకు తెలుగు రాయడం రాదు కాబట్టి ఎవరిచేతో రాయించాడు. సిలిండరు గోడలు పదకొండు థౌలు తినుకుపోయాయట. రింగులు వేసి లాభం లేదట. లేత్ మిషను మీద లోపల కోసి వెడల్పు చేయాలట, దానికి సరిపడే పెద్ద పిస్టన్ తన దగ్గర ఉందట. కోయమంటారా అని అడుగుతున్నాడు.

డైరీ తీసి చూశాను. నాలుగు. ఉత్తరం చూశాను. పదకొండు. గోనెపట్టాలో పడి ఉన్న ఇనుము పది రోజుల్లో ఏడు థౌలు ఎలా అరుగుతుంది?

అప్పుడు నాకు ఒకటి గుర్తొచ్చింది. నేను సిలిండరు ఇచ్చిన రోజున ఆ షాపులో ఇంకో మోటారు సైకిలు విప్పి ఉంది. అదే కంపెనీది. రోడ్డు కంట్రాక్టరుదని చెప్పారు. ఆయన కర్నూల్లో పెద్దమనిషి. ఆయన సిలిండరు అరిగిపోయి ఉంటే, ఊరికి కొత్తవాడైన ఇన్‌స్పెక్టరు సిలిండరు బాగుంటే, ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

బామ్మర్దికి ఉత్తరం చదివి వినిపించాను.

"మార్చినాడు," అన్నాడు వెంటనే. "గుర్తు ఏమన్నా గీసి ఇచ్చినావా?"

"కొలత రాసుకున్నాను కదా."

"కొలత నీ పుస్తకంలో ఉండాది బావా, సిలిండర్ మింద ల్యా." ఇంకో మాట అన్నాడు. "ఇంగోటి చూడు. కోసేస్తే నీ నాలుగూ పాయ, వాని పదకొండూ పాయ. ఆనవాలే ఉండదు. దానికే కోస్తా కోస్తా అంటాండాడు."

ఆ మాట నా మనసులో ముల్లులా దిగింది. నిజమే. కోశాక ఆ సిలిండరు ఎవరిదో దేవుడు కూడా చెప్పలేడు. ఆ రోజు డైరీలో 'ఉస్తాద్ సిలిండరు మార్చినట్లు అనుమానం' అని రాశాను. పక్కన కారణాలు ఒకటి, రెండు, మూడు అని వేశాను. శివరాత్రికి అప్పటికి పదహారు రోజులు ఉన్నాయి.

మరునాడు, పెట్రోలు కరువులో బొగ్గుల పొయ్యితో నడిచే బస్సెక్కి కర్నూలు వెళ్లాను. ఉస్తాద్ షాపు ఒక వేరుశనగ మిల్లును ఆనుకుని ఉండేది. మిల్లు ఆయిలింజను నుంచి గోడకు కొట్టిన కంతలోంచి ఒక తోలు బెల్టు వచ్చి ఈయన లేత్ మిషనును తిప్పేది. మిల్లు ఆడితేనే లేత్ ఆడేది. షాపంతా కాయల పొట్టు ఎగురుతూ ఉండేది. ఉస్తాద్‌కు యాభై దాటి ఉంటాయి. తెల్లగడ్డంలో ఒక పక్క చమురు మరక ఉండేది. ఆలోచించేటప్పుడు చెయ్యి అక్కడికే పోయేది.

నేను కూర్చోకుండానే అడిగాను. "ఉస్తాద్, నేను ఇచ్చిన సిలిండరు చూపించు."

ఆయన బల్ల కింద నుంచి తీసి నా ముందు పెట్టాడు. నాదే అనిపించింది. నాది కాదేమో అని కూడా అనిపించింది. రెండు వందలసార్లు చూసిన వస్తువు కూడా అనుమానంతో చూస్తే కొత్తగా కనిపిస్తుంది. వేడి పోవడానికి సిలిండరు చుట్టూ ఉండే రెక్కల మీద మట్టి లేదు. మట్టి ఎందుకు లేదు? కడిగాను అన్నాడు. ఎందుకు కడిగాడు?

"నేను కొలిచినప్పుడు నాలుగు థౌలు వచ్చింది," అన్నాను. "నువ్వు పదకొండు అంటున్నావు."

"నాలుగు యాడ కొల్చినావు సాబ్?"

"నా ఇంట్లో."

పక్కన మొలలు సాపు చేస్తున్న ముసలి కమ్మరి కిసుక్కున నవ్వాడు. ఉస్తాద్ నవ్వలేదు. నా మొహంలోకి చూస్తూ గడ్డం మరక దగ్గర గోక్కున్నాడు.

"అడుగు సాబ్, మనసులో ఉండేది అడిగేయ్. నీ దాన్ని తీసి కంట్రాక్టర్ బండికి ఏసినాననే గదా?"

నా చూపు కంట్రాక్టరు బండి వైపు పోయింది. అదే జవాబయింది. ఆయన లేచి నా చెయ్యి పట్టుకుని మూలనున్న కంట్రాక్టరు బండి దగ్గరికి తీసుకుపోయాడు. అప్పటికి బిగించి ఉంది. ఇంజను పైన వరసగా ఉన్న బోల్టుల మీద నా వేలు పెట్టించాడు.

"ఇది యేమి?"

"బోల్టు."

"యేంటికి ఉండాది? ఈ బండికి తల ఊడొస్తాది. కొత్త మాడల్. నీ బండికి తల ఊడదు. నీ చెంబు తెచ్చి దీనికి బోర్లిస్తే నిలబడ్తాదా? నంద్యాల నుంచి ఇంత దూరం వచ్చినావు, ఆ మూలకు నాలుగు అడుగులు ఏసింటే తెల్సుండు గదప్పా!"

కమ్మరి ఈసారి గట్టిగానే నవ్వాడు. నా చెవులు వేడెక్కాయి. కాని నిజం చెప్పాలంటే, సిగ్గుపడిన మరుక్షణమే నా అనుమానం ఇంకో చోట కూర్చుంది. కంట్రాక్టరు బండికి కాకపోతే, గోడ వారన తుక్కు కుప్ప ఉంది కదా. అందులో పాత సిలిండర్లు నాలుగైదు కనిపిస్తున్నాయి. లేదా సిలిండరు నాదే అయినా, కొలత అబద్ధం అయి ఉండవచ్చు.

"ఇప్పుడు నా ముందర కొలువు," అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడు కొలవను."

"ఎందుకు కొలవవు?"

"పొద్దు నడినెత్తిన ఉండాది. ఈ రేకుల కింద ఇనుము ఉబ్బింటాది. నా షాపులో కొలిచేది తెల్లారినప్పుడే. అందరికీ అంతే."

ఇది తప్పించుకోవడమే అనుకున్నాను. తెల్లారేలోగా ఏమైనా చేయవచ్చు. "అయితే సిలిండరు నాతో తీసుకుపోతాను, పొద్దున తెస్తాను," అన్నాను.

"నీ సొమ్ము. తీసుకపో," అన్నాడు ఆయన.

ఆ రాత్రి చర్చి ఆవరణలో ఒక గదిలో పడుకున్నాను. సిలిండరును పంచెలో చుట్టి పక్కలోనే పెట్టుకున్నాను. తెల్లవారి నమాజు అయ్యాక ఉస్తాద్ షాపు తెరిచేసరికి నేను గడపలో ఉన్నాను. ఆయన సిలిండరు మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"పక్కలో పెట్టుకోని పన్నావా?"

"అవును."

"పెండ్లికూతురు మాదిరి వెచ్చగా ఉండాది. ఒక గంట కూచో."

సిలిండరును, తన కొలత సామానును పక్కపక్కనే మట్టినేల మీద, ఒకే గోనె కింద పెట్టాడు. రెండూ ఒకే చల్లదనానికి రావాలని చెప్పాడు. అప్పుడు ఆ సామాను చూశాను. మైక్రోమీటరు ఆయన దగ్గర ఒకటే ఉంది, మంచిదే. లోపల కొలవడానికి మాత్రం క్యాలిపరు కాదు. జానెడున్నర పొడవు కట్టె పిడి, దాని చివర అడ్డంగా ఒక ఉక్కు పుల్ల. పుల్ల రెండు కొసలూ గుండ్రంగా ఆకురాయి పట్టి ఉన్నాయి. ఒక కొస మరతో బయటికి జరుగుతుంది.

గంట అయ్యాక ఆయన నా చేతికే ఇచ్చాడు. "నువ్వే కొలువు. మొదుట నువ్వు కొల్చిన చోట."

నా ఇంట్లో క్యాలిపరు కాళ్లు ఎంతవరకు దిగాయో గుర్తుంది, మూడు వేళ్ల లోతు. అక్కడ, ఎడమ నుంచి కుడికి, గోడలకు ఆనేదాకా మర తిప్పి బయటికి తీశాను. మైక్రోమీటరులో చూశాను. నాలుగు.

లోపల ఒక్కసారి గుండె తేలికయింది. నాదేనేమో. కాని తుక్కు కుప్పలోనూ నాలుగు థౌ చూపే సిలిండరు ఒకటి ఉండకూడదని లేదు.

"ఇప్పుడు అడుగుదాకా పంపు," అన్నాడు. "చెంబు అడుగు నుంచి ఒక వేలు కిందికి. పక్కలకు కాదు. ముందుకూ యెనక్కూ ఆనించు."

నాకు కనిపించడం లేదన్నాను. ఆయన స్పార్కు ప్లగ్గు కంతకు అద్దంతో వెలుతురు కొట్టాడు. పొడుగు పిడి లోపలికంటా పోయింది. పుల్లను ముందు గోడకు, వెనక గోడకు ఆనించి తీశాను. మళ్లీ చూశాను, మళ్లీ తీశాను. పదకొండు.

"యేంటికి తేడా?" అని నన్నే అడిగాడు. తనే పిస్టన్‌కు కింద వేలాడే కడ్డీని పట్టుకుని ఆడించి చూపించాడు. "ఈ రాడ్డు ముందుకు ఒరుగుతాది, యెనక్కు ఒరుగుతాది. పక్కలకు ఒరగదు. ఒరిగిన దిక్కే పిస్టన్ గోడను రాకుతాది. పైన నిప్పు మండే చోట ఇంగా శానా రాకుతాది. నీ క్యాలిపర్ కాళ్లు పొట్టి. దిగిన కాడికి దిగి, తిననిచోట కొల్చుకోని వచ్చినావు. నీ కొలత తప్పు కాదు సాబ్. కొల్చిన చోటు తప్పు."

ఆయన చెప్పింది అర్థమైంది. ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు. నా డైరీలో ఎంత లోతున కొలిచానో లేదు, ఏ దిక్కున కొలిచానో లేదు. వాన కొలత రాస్తే ఏ ఊరో రాసేవాణ్ణి. బావి నీటి మట్టం రాస్తే ఏ బావో రాసేవాణ్ణి. ఇక్కడ ఒక్క అంకె రాసి, కింద గీత గీసి, ఆ గీతను పట్టుకుని ఒక మనిషిని దొంగ అనుకున్నాను.

అయినా అడిగాను. "ఆ పుల్ల నువ్వు చేసింది. లోపల చీకటి. నా చెయ్యి వంకర పోయి ఉంటే పదకొండు రాదా?"

కమ్మరి పని ఆపి మా వైపు చూశాడు. ఉస్తాద్‌కు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కూజా దగ్గరికి పోయి నీళ్లు తాగి వచ్చాడు.

"వస్తాది," అన్నాడు. "ఇంగ ఒకటే ఉండాది చూపించేది. కోస్తే కనపడ్తాది. కోసేది కూడా రెండు తూర్లు. మొదుట పలుచగా, గోరు గీసినంత. తినని చోట తెల్లగా మెరుస్తాది. తిన్న చోటికి కత్తి అందదు, నల్లగనే ఉంటాది. నా పుల్ల అబద్ధం చెప్తే యాడా నలుపు ఉండదు. కానీ ఒకసారి కత్తి తగిలినాక నీ నాలుగు థౌ మల్ల రాదు. ఆలోచించుకో. మిల్లు ఎనిమిదికి ఆడిస్తారు."

ఎనిమిది దాకా గడపలో కూర్చున్నాను. డైరీ తెరిచి మూసాను. నాకు ఉన్న రుజువు ఆ నాలుగు థౌలే. ఆయన అడుగుతున్నది దాన్నే వదిలిపెట్టమని. ఇప్పుడు సిలిండరు తీసుకుని ఇంటికి పోతే, రుజువు నా దగ్గర భద్రంగా ఉంటుంది, బండి వసారాలో ఉంటుంది, శివరాత్రికి నేను ఎద్దుల బండిలో ఉంటాను. గోడ అవతల ఇంజను దగ్గి దగ్గి అందుకుంది. కంతలో బెల్టు కదిలింది.

"కొయ్యి," అన్నాను.

ఆయన సిలిండరును లేత్ మీద తిరిగే పళ్లేనికి బిగించి, అరగని నోటి దగ్గర ఆనవాలు పట్టి, అటూ ఇటూ తట్టి సరిచేయడానికే చాలాసేపు తీసుకున్నాడు. తరువాత కత్తిని మెల్లగా లోపలికి పంపాడు. మొదట శబ్దం ఒకే తీరుగా ఉంది. కత్తి లోపలికి పోయేకొద్దీ అది మారింది. తగిలి, వదిలి, తగిలి, వదిలి. ప్రతి చుట్టుకూ రెండుసార్లు తెగుతూ, రెండుసార్లు గాలిలో తిరుగుతూ ఉంది. కళ్లు మూసుకున్నా తెలిసిపోయేది.

బెల్టు పక్కకు జరిపి మిషను ఆపాడు. పళ్లెం దగ్గర తల ఆనించి చూడమన్నాడు. నోటి దగ్గర చుట్టూ తెల్లగా వెండిలాగ ఉంది. లోపలికి పోయేకొద్దీ ముందు గోడ మీద ఒకటి, వెనక గోడ మీద ఒకటి, రెండు నల్లటి మచ్చలు. అడుగు దగ్గర వెడల్పయి అరచేయంత ఉన్నాయి. ఎడమ, కుడి పక్కల మెరుస్తూనే ఉంది, నేను ఇంట్లో క్యాలిపరు ఆనించిన దిక్కున. వేలు పెట్టి తడిమాను. తెలుపు నుంచి నలుపులోకి పోయేటప్పుడు గోరుకు చిన్న గడప తగిలింది.

"చూసినావా?"

"చూశాను."

"ఇంగ పూర్తిగా కోస్తా."

కోశాడు. ఆ రెండు మచ్చలు చిన్నవవుతూ వచ్చి, మధ్యాహ్నానికి పోయాయి. తన దగ్గర ఉన్న పెద్ద పిస్టన్‌ను దానికి తగినట్టు తిప్పాడు. అది ఏ బండిదో, ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు. అడగాలనిపించింది.

నేను క్షమించమని కూడా అడగలేదు. ఎలా అడగాలో తెలియక, ఐదోనాటికి సామాను తీసుకునేటప్పుడు, "మా ఇంట్లో కొలవడంలో పొరపాటు జరిగింది ఉస్తాద్," అన్నాను.

ఆయన లేత్ కింద పళ్లెంలో పడిన ఇనుప పొడిని చేత్తో ఊడ్చి, పాత కాగితంలో పొట్లం కట్టి నా జేబులో పెట్టాడు. "ఇదీ నీ సిలిండరే సాబ్. ఇంటికి పోయినాక తూకం ఏసుకో. మల్ల ఇనుము తిన్యాడంటావు."

కమ్మరి నవ్వుతూనే ఉన్నాడు. నేనూ నవ్వాను. కాని పొట్లం పారేయలేదు. నంద్యాల దాకా జేబులోనే ఉంది.

బామ్మర్ది వసారాలో బిగించే ముందు సిలిండరును తిప్పి తిప్పి చూశాడు. "నాలుగైతే యేమి, పదకొండైతే యేమి, ఇప్పుడు కొత్తది మాదిరి ఉండాది," అని, గుడ్డతో తుడుస్తూ, "ఆ కుప్పలోదే అయ్యింటే మాత్రం మంచిదే యేరినాడు బావా," అన్నాడు. అతన్ని మార్చడం నా వల్ల కాలేదు. ఆ రోజు డైరీలో ఈసారి లోతు రాశాను, దిక్కు రాశాను, వేళ రాశాను. పాత అనుమానం పేజీ కొట్టేయలేదు. కింద, 'ఈ అనుమానం తప్పని నా కళ్లతో చూశాను' అని మాత్రం రాశాను.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు మహానంది దారిలో మొదటి పల్లె చేరాను. యాత్రికులు ఇంకా రాలేదు. బండి కొత్త పిస్టన్ బరువుకు చేతులు తిమ్మిరెక్కేలా అదురుతోంది, కాని పొగ లేదు. ఊరి బావిలో మందు కలిపాను. నీళ్లు గులాబీ రంగు తిరిగాయి. కడవతో వచ్చిన ఒక నడివయసు ఆవిడ బావిలోకి తొంగి చూసి, నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"ఏమి కలిపినావప్పా మా నీళ్లలో?"

"మందమ్మా. కలరా రాకుండా. రేపు తెల్లారేసరికి రంగు పోతుంది, అప్పుడు తోడుకో."

"మందో, విషమో యెవరికి తెల్సు. నువ్వు తాగు ముందు, చూస్తా."

చేంతాడు వేసి ఒక చెంబు తోడి, ఆవిడ ముందే గుక్కెడు తాగాను. ఇనుము తుప్పు రుచి వచ్చింది. ఆవిడ కడవ కింద పెట్టి, నడుము మీద చెయ్యి వేసుకుని, నా మొహంలో ఏమైనా మారుతుందేమో అని చాలాసేపు చూస్తూ నిలబడింది.

"రేపు పొద్దున వచ్చి మల్ల చూస్తా," అని ఖాళీ కడవతో వెళ్లిపోయింది. నేను బండి తన్ని స్టార్టు చేసి, తరువాతి పల్లెకు పోయాను.